అమెరికాలో వలస కార్మికుల భద్రత - భాషా సౌలభ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆంగ్లము రాని వలస కార్మికులకు పనిచోటి ప్రమాదాలపై శిక్షణ, ఫిర్యాదు, తనిఖీ వంటి సేవలను వారికి అర్థమయ్యే భాషలో అందించుటను భాషా సౌలభ్యము అంటారు. ఈ కార్మికులలో అధికులు స్పానిష్ మాట్లాడేవారు. 2022లో ఆ దేశములో పనిచోట్ల సంభవించిన 5,486 మరణాలలో 1,248 లాటిన్ అమెరికా మూలాలు కలవారివి. వీరిలో 792 మంది విదేశాలలో పుట్టినవారు.

== యజమాని బాధ్యత ==
1970 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టము ప్రకారము పనివారి భద్రత యజమాని బాధ్యత. ఈ చట్టమును అమలుపరచే సంస్థ ఓషా. శిక్షణ ఏ భాషలో ఉండవలెనో ఓషా 2010 ఏప్రిల్ 28న స్పష్టము చేసినది. కార్మికునికి ఆంగ్లము రానిచో తెలిసిన భాషలో చెప్పవలెను. చదువు రానివానికి పుస్తకము చేతికిచ్చి చదువుకొమ్మనుట చాలదు. రోజువారీ పని పురమాయించుటకు ఏ భాష వాడుదురో, ప్రమాదము గురించి చెప్పుటకూ ఆ భాషే వాడవలెను. కావున శిక్షణ పట్టీలో సంతకము ఉన్నంత మాత్రాన సరిపోదు, విషయము కార్మికునికి అర్థమైనదా అన్నదే ముఖ్యము.

రసాయనాల డబ్బాలపై మాత్రము హెచ్చరిక ఆంగ్లములో ఉండుటే తప్పనిసరి, ఇతర భాషలు యజమాని ఇష్టము. ఇది పెద్ద లోటే. 2012లో చేర్చిన బొమ్మ గుర్తులు దీనిని కొంత పూరించినవి. పురుగుమందుల లేబుళ్ళపై భద్రతా సూచనలు స్పానిష్‌లోనూ ఉండవలెనని 2022లో చట్టము వచ్చినది. దీనిని 2025 చివరి నుండి దశలవారీగా అమలుచేయవలెనని నిర్ణయించారు.

== ప్రభుత్వ సేవలు ==
ప్రభుత్వ కార్యాలయములు ఆంగ్లము అంతగా రానివారికీ సేవలందించవలెనని అధ్యక్షుడు క్లింటన్ 2000 ఆగష్టు 11న ఉత్తర్వు (సంఖ్య 13166) జారీచేశాడు. ఆంగ్లమును అధికార భాషగా ప్రకటిస్తూ 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ దీనిని రద్దుచేశాడు. ఇతర భాషలలో సేవలు మానుకొమ్మని కొత్త ఉత్తర్వు ఆదేశించలేదు; ఆ నిర్ణయమును ఆయా శాఖల అధిపతులకు వదిలినది. యజమాని ఇవ్వవలసిన శిక్షణకు ఆధారము 1970 నాటి చట్టమే కాని, రద్దయిన ఉత్తర్వు కాదు.

== ఆచరణలో ఇబ్బందులు ==
తనిఖీ సమయమున దుబాసీ లేనిచో మేస్త్రీయే మాటలు తర్జుమా చేయు సందర్భము రావచ్చును. ఆ మేస్త్రీపైనే ఫిర్యాదు ఉన్న కార్మికుడు అతని ఎదుట నోరు విప్పడు. ఫిర్యాదు చేసినందుకు పనిలోనుండి తీసివేసినచో, 30 రోజులలోగా ఓషాకు తెలుపవలెను. చేతికందిన ఆంగ్ల ఉత్తరమును ఎవరిచేతనైనా చదివించుకొనువరకు ఈ గడువు ఆగదు.