ఎండ లేని కార్తీకం

సముద్రం లేని ఊళ్ళో పుట్టి సముద్రపు చరిత్ర గురించి రాయడమేమిటని స్నేహితులు అడుగుతుంటారు. మాది నార్కట్‌పల్లి. ఏ తీరానికి పోవాలన్నా రెండు వందల కిలోమీటర్లు దాటాల్సిందే. అయినా మా నల్లగొండ సంతల్లో కందులు, మిరపకాయల పక్కన ఎండు చేపల గంపలు నా చిన్నప్పటినుంచీ ఉన్నాయి. హైదరాబాదు - విజయవాడ రోడ్డు నుంచి అద్దంకి రోడ్డు చీలేది మా ఊరి దగ్గరే. గంపలు వచ్చేదీ ఆ రోడ్ల మీదుగానే. “ముసురుల ఎండిన చాప తీసుకోకు బిడ్డా, కాల్చినా వాసన పోదు” అనేది మా నాయనమ్మ. ఆమె ఎన్నడూ సముద్రం చూడలేదు. కానీ చేపను వేలితో నొక్కి, అది మంచి ఎండలో ఎండిందో లేదో చెప్పేది. వేట గురించిన పుస్తకాల్లో గాలి గురించీ నీటి గురించీ వలల గురించీ ఎంతో ఉంటుంది. నాయనమ్మ లెక్కపెట్టిన ఎండ గురించి మాత్రం ఎక్కడో ఒక వాక్యం దొరికితే గొప్ప.

శరదృతువంటే మన కావ్యాల్లో వెన్నెల, తేటపడిన నీళ్ళు, రెల్లుపూలు. కోస్తా తీరంలో ఆశ్వయుజ కార్తీకాల సంగతి వేరు. నైరుతి గాలి తగ్గి ఈశాన్యం మొదలవుతుంది. వేసవిలో ఉత్తరానికి సాగిన తీర ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. గంగ, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలమంతా సముద్రంలో కలిపిన మంచినీళ్ళు దాంతోపాటు ఒడ్డు వెంబడి దిగుతాయి. ఉప్పు తగ్గిన ఆ పైపొర అడుగునున్న నీళ్ళతో తేలిగ్గా కలవదు. వేడి కిందే నిలిచిపోతుంది. మొగల్లో, మడ అడవుల్లో పెరిగిన రొయ్య సముద్రంలోకి దిగుతుంది. తెప్పలకీ చిన్న నావలకీ అందేంత దగ్గర్లో కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు దొరుకుతాయి. అలివి వల లాగేవాళ్ళకు అది ఆశ పెట్టే కాలం.

తుఫానులకూ బలమిచ్చేది ఆ వెచ్చని నీళ్ళే. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. 1996 నవంబరు 6న కోనసీమ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌తో విశాఖ దెబ్బతిన్నాయి. తీరం చరిత్రలో పెద్ద తేదీలు చాలావరకు ఈ రెండు నెలల్లోనే ఉన్నాయి.

తుఫాను రాని సంవత్సరం సంగతేమిటి? చరిత్ర పట్టించుకోనిది దాన్నే. పడవ ఒడ్డుకు చేరాక పని ఆడవాళ్ళ చేతిలోకి వస్తుంది. చేపను వేరుచేయడం, కడగడం, పెద్దదైతే చీల్చి ఉప్పు పట్టించడం, చిన్నదైతే ఇసుక మీద పరచడం, తిరగేయడం, కాకుల్నీ కుక్కల్నీ తోలడం, తట్ట నెత్తినపెట్టుకుని ఊళ్ళు తిరగడం వాళ్ళ పని. ముసురుపడితే పరిచిన చేప బూజు పడుతుంది, పురుగు పడుతుంది. మనుషుల తిండికి అమ్మాల్సిన సరుకు కోళ్ళ దాణాకు తక్కువ ధరకు పోతుంది. దీనికి కార్తీకం తోడవుతుంది. నీచు ముట్టని ఇళ్ళు ఆ నెలలో ఎక్కువవుతాయి (నీచు అన్న మాటలోనే కులం వినిపించడం లేదూ!). పచ్చి చేప ధర పడిపోతుంది. అమ్ముడుపోని చేపను ఎండబెట్టడమొక్కటే దారి, ఆ రోజుల్లో ఎండే ఉండదు. వల నిండా చేప పడినరోజే ఒడ్డున ఆడమనిషికి అప్పు మిగలవచ్చు. వేటకు అనుకూలమైన వాతావరణం, ఎండబెట్టడానికి అనుకూలమైన వాతావరణం ఒకటి కావు. మనకు రికార్డయింది మొదటిదే.

దీని మూలాలు వలస పాలన దాకా పోతాయి. ఫ్రాన్సిస్ డే 1875-78 మధ్య ప్రచురించిన ‘ఫిషెస్ ఆఫ్ ఇండియా’లో 1,400కు పైగా జాతుల్ని వర్ణించాడు. ఆ కాలంలో ఉప్పు మీద పన్ను చేపను ఊరబెట్టే బీదవాళ్ళను నలిపేసింది. పన్ను కట్టలేనివాళ్ళు ఉప్పుమట్టి వాడుకుంటే అదీ నేరమైంది. 1870ల్లో మద్రాసు రాష్ట్ర తీరంలో, చేపలకు మాత్రం సుంకం లేని ఉప్పునిచ్చే సర్కారు యార్డులు మొదలయ్యాయి. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ నాయకత్వంలో మద్రాసు ఫిషరీస్ బ్యూరో వచ్చింది. ఉప్పు ఎంత ఖర్చయింది, చేప ఎంత ఊరింది అన్నవి ప్రభుత్వపు లెక్కలయ్యాయి. ఉప్పు పన్ను 1947లో పోయింది కానీ, చేపను బరువుగా, జాతిగా మాత్రమే చూసే అలవాటు పోలేదు.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన నైలాను వల, ఇంట్లో నూలు వడికి వల అల్లే ఆడవాళ్ళ పనిని తీసేసింది. మరపడవలు, హార్బర్లు వచ్చాక చేప ఇంటి నావలోంచి నేరుగా తట్టలోకి రావడం తగ్గింది. వేలంపాటలో లారీల వ్యాపారులతో పోటీపడి, వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొనాల్సి వచ్చింది. ఉత్పత్తి పెరిగిన ఈ కథను మనం అభివృద్ధి అని చదువుకున్నాం.

సాహిత్యం ఈ ఖాళీని పూరించిందా? సముద్రం పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది తకళి శివశంకర పిళ్ళై మలయాళ నవల ‘చెమ్మీన్’ (1956). ఒడ్డున భార్య పాతివ్రత్యం తప్పితే సముద్రంలో భర్త బతకడన్న నమ్మకమే దానికి వెన్నెముక. ఆ నవల కరుణను నేను కాదనను. కానీ ఆ నమ్మకం చేసే పనేమిటో చూడండి. గాలి, ప్రవాహం, వాయుగుండం బాధ్యతనంతా అది ఒక ఆడమనిషి శరీరం మీద పెడుతుంది. సముద్రపు స్థితిగతుల్లోకి ఆమె శీలాన్ని లాగుతుంది, శ్రమను బయటే ఉంచుతుంది.

ఇక భర్త తిరిగిరాకపోతే? 1996 తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళిన ఎందరో మత్స్యకారుల శవాలు కూడా దొరకలేదు. ఏడేళ్ళపాటు జాడ తెలియని మనిషి చనిపోయినట్టు భావించే నియమం 1872 సాక్ష్య చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలోనూ ఉంది. శవం లేని చోట ఆమె భార్యా, వితంతువా? బొట్టు గురించి వీధి, పరిహారం గురించి ఆఫీసు, అప్పు గురించి వ్యాపారి ఆమెను అడిగే ప్రశ్న ఇదే. మర్నాడు తట్ట ఎత్తాల్సింది మాత్రం ఆమే.

ఇవాళ సముద్రపు సూచనలు తీరంనుంచి కాదు, మా తెలంగాణనుంచే వెళుతున్నాయి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ అల ఎత్తు, గాలి వేగం, చేప దొరికే చోటు చెబుతుంది. అవి ప్రాణాలు కాపాడే సూచనలు, వాటి విలువ తక్కువది కాదు. అయితే అవి పడవకు చెప్పే మాటలు. సాయం కూడా పడవను చూసే లెక్కకడుతుంది. తూర్పు తీరంలో 2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 - జూన్ 14 మధ్య 61 రోజులు వేట నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రూ.10,000గా, 2025లో రూ.20,000గా ఇచ్చిన నిషేధకాలపు భృతి పడవ మీద వేటకెళ్ళేవాళ్ళకు. ఆ 61 రోజులూ తట్ట ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు ఆ జాబితాలో లేరు. చేపలు ఎండబెట్టే ఇసుక కూడా తగ్గిపోతోంది. ఉప్పాడలో సముద్రం కోసేసుకుంటోంది. ఇంకెన్నో చోట్ల రిసార్టులూ రోడ్లూ ఆక్రమిస్తున్నాయి. మ్యాపులో అది ఖాళీ స్థలం, ఆమెకు పని స్థలం.

తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు, రికార్డులో లేనివాళ్ళను అడగడం కూడా చరిత్ర రచనేనని మనకు తెలిసింది. తీరం విషయంలో ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. వాడబలిజ, జాలరి, పట్టపు కుటుంబాల్లోని పెద్దవాళ్ళను తుఫాను తేదీలే కాక, ముసురు రోజుల గురించీ అడగాలి. ఎన్ని రోజులు ఎండ లేకపోతే సరుకు పారేసేవారు? ఆ అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి? ఇసుక మీద ఎవరి చోటు ఎక్కడో ఎవరు నిర్ణయించేవారు? కార్తీకంలో ఏ ఊళ్ళలో అమ్మేవారు, ఏ వీధుల్లోకి రానిచ్చేవారు కాదు? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి త్వరగా వెళ్ళాలి.