అంతర్జాలపు తొలి వింతలు – తెలుగక్షరపు తొలి తిప్పలు

ఇంగ్లాండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు పరిశోధనాలయ మొకటి కలదు. 1991వ సంవత్సరమున అచ్చటి పరిశోధకులలో పలువురకు కాఫీయంత్రము ఒక్కటే దిక్కు. అది 'ట్రోజన్ రూము' అను గది వెలుపలి నడవలో ఉండెడిది. ఆ గదివారు చేయి చాచిన చాలును. తక్కినవారు మెట్లు దిగి, నడవలు దాటి వచ్చునప్పటికి పాత్ర తరచుగా ఖాళీగా నుండెడిది. మన యిండ్లలోనైన ఇట్టి సందర్భమున పిల్లవాని నొకని "చూచి రారా" అని పంపుదుము. వారికి పంపుటకు పిల్లవాడు లేడు. అందుచే క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అను నిరువురు ఒక కెమెరాను పాత్ర కెదురుగా నిలిపి, దాని బొమ్మ అందరి కంప్యూటర్లమీదను ఒక మూలగా కనబడునట్లు చేసిరి. అది రంగులు లేని బొమ్మ. నిలువున 128, అడ్డమున 128 చుక్కలు మాత్రమే. నిమిషమునకు సుమారు మూడు పర్యాయములు మారెడిది. పాత్ర నిండుటయు నెమ్మదిగానే గనుక ఆ మాత్రము చాలెను.

1993 నవంబరులో డేనియల్ గోర్డన్, మార్టిన్ జాన్సన్ అనువారు ఆ బొమ్మను 'వెబ్బు' అని పిలువబడు అంతర్జాల పుటలలోనికి ఎక్కించిరి. అంతటినుండి ఒక నడవలోని కాఫీపాత్రను లోకమంతయు చూడసాగినది. తమకు పగలైనప్పుడు ఇంగ్లాండులో రాత్రి గనుక, పాత్రయొద్ద దీపము వెలిగించి యుంచుడని జపానువారు కోరిరట. పాత్రను కన్నులార చూడవలెనని అమెరికానుండి వచ్చినవారికి కేంబ్రిడ్జి పట్టణపు యాత్రికుల కార్యాలయమువారు దారి చెప్పవలసి వచ్చినదట. పరిశోధనాలయము క్రొత్త భవనమునకు తరలుటతో 2001 ఆగష్టు 22వ తేదీన కెమెరాను ఆపివేసిరి. పాత్రను వేలము వేయగా 3,350 పౌండ్లు పలికినది. కొన్నవారు జర్మనీలోని 'డెర్ స్పీగెల్' పత్రిక అంతర్జాల విభాగమువారు. తరువాత అది అదే దేశమున పాడెర్‌బోర్న్ నగరపు కంప్యూటరు ప్రదర్శనశాలకు చేరినది. మేము గుమాస్తాగిరి చేసిన కార్యాలయమునందైనచో ఆడిటువారు దానిని 'పనికిరాని సామాను' పట్టికలో చేర్చి, అర్ధరూపాయి వెల కట్టియుందురు.

ఇట్టి పనికి వీరే మొదటివారు కారు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, 1980 తరువాతి తొలి యేండ్లలోనే కోకాకోలా సీసాల యంత్రమును కంప్యూటరుతో కలిపి, ఏ వరుసలో సీసాలున్నవో, అవి చల్లబడినవో లేదో కూర్చున్నచోటినుండియే తెలిసికొనుచుండిరి. అప్పటికి వెబ్బు పుట్టనేలేదు. కాఫీమీది మక్కువ అంతటితో తీరలేదు. 1998 ఏప్రిల్ 1వ తేదీన, కాఫీపాత్రలకు దూరమునుండి ఆజ్ఞలిచ్చు పద్ధతి యని పరిహాసముగా ఒక నిబంధనావళి వెలువడెను. తేనీటిపాత్రను కాఫీ కాయుమని యడిగినచో అది 418 అను సంఖ్యతో "నేను తేనీటిపాత్రను" అని బదులు చెప్పవలెనట! అసలు నిబంధనావళుల తీరులోనే అచ్చైనది గనుక, చూచినంతనే పరిహాసమని పోల్చుకొనుట కష్టము.

అన్నిటికంటె మాకు నచ్చినది తోట. 1995లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కెన్ గోల్డ్‌బర్గు, జోసెఫ్ శాంటరోమానా మొదలగువారు ఒక గుండ్రని పాదులో మన్ను పోసి, నడుమ ఒక యంత్రపుచేతిని నిలిపిరి. లోకములో ఎక్కడ నున్నవారైనను వెబ్బుద్వారా ఆ చేతిని కదలించి మొక్కలకు నీరు పోయవచ్చును. కొంతకాలము శ్రద్ధగా నీరు పోసినవారికి విత్తు నాటుకొను హక్కు లభించెడిది. మరుసటి సంవత్సరము ఆ తోటను ఆస్ట్రియాలోని లింజ్ నగరమునకు తరలించిరి. 2004 వరకు అది అచ్చట నడిచెను. ఊరికి పోవునప్పుడు "మా మొక్కకు నాలుగు రోజులు నీరు పోయుడు" అని సభ్యులు ఒకరినొకరు కోరుకొనుచుండిరి. పొరుగింటివారు ఎవరో, వారి ముఖమెట్లుండునో యెరుగరు. తులసికోటకు నీళ్ళు పోయుమని ప్రక్కయింటి పిన్నిగారికి తాళముచెవి యిచ్చి పోవుట మనకు క్రొత్త కాదు. తోట ఆస్ట్రియాలో, నీరు పోయువాడు మరియొక ఖండములో, అదియే క్రొత్త.

ఇవన్నియు పనిలేనివారి పనులని త్రోసివేయువారు కలరు. మేమట్లు తలపము. ఏ ప్రభుత్వపు ఉత్తరువును, ఏ వర్తకుని పెట్టుబడియు లేకుండ, ఇరుగుపొరుగు అవసరమునకై మొదలైన వస్తువులివి. మూలయంత్రాంగమును అట్టిదే. స్విట్జర్లాండు ఫ్రాన్సు సరిహద్దునగల 'సెర్న్' అణుపరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో తన ప్రతిపాదనను వ్రాసెను. పలు దేశముల పండితులు తమ పత్రములను ఒకరి కొకరు సులభముగా చూపుకొనుటకే ఆ యేర్పాటు. ఆయన కంప్యూటరుమీద, దీనిని ఆపివేయవద్దని ఎఱ్ఱసిరాతో చేత వ్రాసిన చీటి అంటించి యుండెడిది. ఆపినచో లోకములోని వెబ్బంతయు ఆగిపోయెడిది! 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు దీనిని రుసుము లేకుండ ఎల్లరును వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ ప్రకటనయే లేకున్న తోటయు లేదు, ఈ వ్యాసమును లేదు.

రిజిస్టర్లతో జీవితము గడపిన మాకు ఇచ్చట విడ్డూరముగా తోచిన విషయమొకటి. వెబ్బులో మొట్టమొదటి పుట ఏదో లోకమునకు తెలియును గాని, దాని మొదటి రూపము మిగులలేదు. పుటను మార్చినప్పుడెల్ల పాతదానిపైననే క్రొత్తది వ్రాసిరి. 2013లో సెర్న్‌వారు వెదకింపగా, అమెరికాలోని ఉత్తర కరోలినానుండి పాల్ జోన్స్ అను ఆచార్యుడు తనయొద్ద నుండిపోయిన 1991 నాటి ప్రతిని బయటపెట్టెను. వేయేండ్లనాటి రాతిశాసనము నిలిచినది, మన కండ్లయెదుట పుట్టిన పుట నిలువలేదు!

ఇక మనవారి సంగతి. భారతదేశమున సామాన్యులకు అంతర్జాలము 1995 ఆగష్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థద్వారా లభించెను. అంతకు ముందే అమెరికాలో చదువుకొనుచున్న తెలుగు విద్యార్థులకు అది చేతికందినది. చేతికందిన యంత్రమునకు మాత్రము ఇంగ్లీషు అక్షరములు తప్ప మరేమియు రావు. టెక్సాసు రాష్ట్రము హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ అనువారు ఇంగ్లీషు లిపిలో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోనికి మార్చు సాధనమును కల్పించిరి. 'రైస్' అనునది ఆ విద్యాలయ దాత యింటిపేరు. అన్నము తిను తెలుగువాని లిపి ఆ పేరుగల చోటనే అచ్చునకు దిగుట చూడ, మాకు నవ్వు వచ్చినది. అందు చిన్న 'టీ' కొట్టిన 'త', పెద్ద 'టీ' కొట్టిన 'ట'. చిన్న 'ఎన్' అయిన 'న', పెద్దదైన 'ణ'. ఈ పద్ధతిలో కొట్టిన పద్యమును ఇంగ్లీషువాడు చూచినచో, పదముల నడుమ పెద్దయక్షరములు లేచి నిలుచుట చూచి, టైపు కొట్టినవానికి జ్వరము వచ్చినదనుకొనును. ఆంధ్రమున పుట్టి యాసముద్రాంతరము వెడలినవారు ఒకరికొకరు తెలుగు వ్రాసికొనుటకు అదియే తెప్ప.

పొరుగులిపిలో తెలుగు వ్రాసికొనుట మనబోటి వారికి వింత కాదు. తమిళనాట త్యాగరాజస్వామి కృతులను తమిళలిపిలో అచ్చువేసికొని పాడుకొనువారు తరతరములుగా కలరు. ఇంట తెలుగు మాటాడుచు, ఉత్తరము మాత్రము బడిలో నేర్చిన లిపిలో వ్రాయు కుటుంబములు మన సంచిక చదువరులలోనే ఎన్నియో యుండును. మేము బళ్ళారివారము. మా యింటి పిల్లలు తెలుగుమాటను కన్నడలిపిలోనే వ్రాయుదురు. పోల్చి చూడ, హ్యూస్టనువారు చేసినది మన యమ్మమ్మలు చేసినదే.

వెబ్బు వ్యాపించిన కొలది చిక్కులును పెరిగినవి. 'ఈనాడు' మొదలగు పత్రికలు తమ తమ సొంత అక్షరాకృతులతో పుటలను పెట్టిరి. ఒకరి 'క' స్థానమున మరియొకరికి వేరొక గుర్తు. ఆ అక్షరాకృతులు చదువరి యంత్రమున లేనిచో, తెలుగునకు బదులు తలకట్టులవలె గీతలు, చుక్కలు తగిలించిన ఇంగ్లీషు అక్షరములు కనబడెడివి. మన యానాము పెద్దలు చూచియుండినచో, ఎవరో ఫ్రెంచి వ్రాయబోయి చెడగొట్టినారని తలచియుందురు. వెన్న నాగార్జున అనునాయన 'పద్మ' అను సాధనము నిర్మించి, ఇట్టి పలు రకముల రాతలను ఒకే పద్ధతికి మార్చు ఉపాయము కల్పించెను. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో అంకురార్పణ చేసినది కూడ ఆయనయే. 1998లో అమెరికాలో మొదలైన 'ఈమాట' పత్రిక తన పాత సంచికలను క్రొత్త పద్ధతికి మార్చుకొన్నందున అవి నేటికిని చదువవచ్చును. అందరికిని అట్టి యదృష్టము లేదు. 1994లో పుట్టిన 'జియోసిటీస్' అనుచోట, పేటలుగా వీధులుగా విభజించి, ఇంటినెంబరు వేసి, ఎవరికి కావలసిన పుటను వారికి ఉచితముగా ఇచ్చిరి. మనవారును పాటలు, వంటలు, పెండ్లిఫోటోలు అచ్చట పెట్టుకొనిరి. 2009 అక్టోబరు 26న దానిని మూసివేసిరి. కొందరు ఔత్సాహికులు చేతనైనంత నకలు తీసి భద్రపరచిరి. తీయనివి పోయినవి.

ఇప్పుడు వాడుకలోనున్న 'యూనికోడు' పద్ధతి 1991లో వెలువడినది. భారతదేశమున రూపొందిన లిపిపట్టిక అందలి భారతీయ లిపుల భాగమునకు ఆధారము. ఇందులో మేము కనుగొని మురిసినది ఒకటి కలదు. ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య యుండును. మహారాష్ట్రమున వాడు దేవనాగరి 'క' సంఖ్య 2325. ఒడియా 'క' 2837. తమిళపు 'క' 2965. మన 'క' 3093. కన్నడపు 'క' 3221. ఒడియానుండి తమిళమునకు 128, తమిళమునుండి తెలుగునకు 128, తెలుగునుండి కన్నడమునకు మరల 128! తమిళమునకు ఖ, గ, ఘలు లేకపోయినను ఆ యిండ్లను ఖాళీగా నుంచిరే గాని వీధివరుస చెడగొట్టలేదు. మనము వలస వచ్చి నిలిచిన భాషలన్నియు ఆ పట్టికలోను మన యిరుగుపొరుగే. 2001లో విండోసు ఎక్స్‌పీతో వచ్చిన తెలుగక్షరాకృతికి 'గౌతమి' అనియు, కన్నడమునకు 'తుంగ' అనియు పేర్లు. గౌతమి యానామును ఒరసికొని పారు నది. తుంగ నీరు తుంగభద్రయై మా జిల్లాకు వచ్చును.

ఈ పరిశీలనకు మేము పూనుకొనుటకు కారణమైన వస్తువు మా బీరువాలో నున్నది. పూర్వమొక సంచికకై మేము ఈ ప్రాంతపు తెలుగు కుటుంబముల జాబితా కూర్చితిమి. ఏ వూరినుండి వచ్చిరి, ఏ తరమున వచ్చిరి, మొదట ఏ వృత్తి చేసిరి అని పెద్దలను అడిగి వ్రాసికొన్నది. చోటు చాలక మూడవవంతు మాత్రము అచ్చైనది. మొత్తము జాబితా రెండు ఫ్లాపీలలో నున్నది. కూర్చిన అచ్చుశాల ఇప్పుడు లేదు, వారి సొంత అక్షరాకృతులును లేవు. మాకు సమాచారమిచ్చిన పెద్దలలో పలువురు గతించిరి. మా మనుమడు ఒక పాత యంత్రమును సంపాదించి ఫ్లాపీలు తెరవగా, పైన చెప్పిన ఫ్రెంచివంటి గుర్తులే వరుసలు వరుసలుగా కనబడినవి. అచ్చైన పేర్లును ఆ గుర్తులును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినచో ఏ గుర్తు ఏ యక్షరమో తేలుచున్నది. ప్రిన్సెప్ దొరయు 1837లో అశోకుని బ్రాహ్మీలిపిని విప్పెను గదా. మేము ఒక పొడుగు రిజిస్టరు తీసి, ఎడమ గడిలో గుర్తు, కుడి గడిలో తెలుగక్షరము వ్రాయుచున్నాము. రోజునకు రెండు మూడు గుర్తులు తేలుచున్నవి. 'క' గుణింతము, 'ప' గుణింతము పూర్తియైనవి. ఒత్తులు మిగిలియున్నవి.