రక్తంలో కనిపించలేదని మాత్ర ఆపేస్తే..? హెచ్‌ఐవీ అసలు మకాం ఈ గ్రంథుల్లోనే!

వానలు ముఖం చాటేసిన ఏడాది ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగళూరు, హైదరాబాద్‌కు కుటుంబాలు సుగ్గికి పోతాయి. వారిలో హెచ్‌ఐవీ మందులు వాడేవారు ఉంటే, నెలల తరబడి ఊరికి దూరంగా ఉన్నప్పుడు మాత్ర తప్పే ప్రమాదం ఎక్కువ. ‘వైరల్ లోడ్ కనిపించట్లేదన్నారు కదా, కొన్నాళ్లు ఆపితే ఏమైతుంది’ అనుకుంటే మాత్రం కష్టమే. ఆ పరీక్ష చూసేది రక్తాన్నే. వైరస్ దాక్కునేది వేరే చోట.

దాక్కునేది ఎక్కడంటే..

మెడ, చంకలు, గజ్జల్లోని లింఫ్ గ్రంథులు, గొంతులోని టాన్సిల్స్, ప్లీహం, పేగుల గోడలు.. వీటిలో ఉండేదే లింఫ్ కణజాలం. పల్లెల్లో ‘బిళ్ల కట్టింది’ అనేది ఈ గ్రంథులు ఉబ్బితేనే. (మెడ దగ్గర బిళ్లలు తగ్గకపోతే టీబీ పరీక్ష కూడా చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో గ్రంథుల టీబీ మామూలే.) ఒంట్లోని లింఫోసైట్ కణాల్లో రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. హెచ్‌ఐవీ గురిపెట్టే సీడీ4 కణాలూ ఎక్కువగా ఈ కణజాలంలోనే ఉంటాయి. వైరస్ సోకిన తొలి వారాల్లోనే పేగుల గోడల్లో ఇవి భారీగా నశిస్తాయి.

చనిపోయేవి వైరస్ పెరిగే కణాలేనా?

కాదు! ఇదే అసలు విచిత్రం. అమెరికాలోని గ్లాడ్‌స్టోన్ ఇన్‌స్టిట్యూట్స్‌లో వార్నర్ గ్రీన్ బృందం మనుషుల టాన్సిల్, ప్లీహం ముక్కలపై ప్రయోగాలు చేసి 2013 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. చనిపోతున్న సీడీ4 కణాల్లో దాదాపు 95 శాతం విశ్రాంతిలో ఉన్నవే. వైరస్ వాటిలోకి దూరినా పని పూర్తి చేయలేక మధ్యలో ఆగిపోతుంది. మిగిలిన డీఎన్‌ఏ ముక్కల్ని ఐఎఫ్‌ఐ16 అనే ప్రొటీన్ పసిగడుతుంది. దాంతో కాస్పేజ్-1 అనే ఎంజైమ్ మేల్కొని, కణం ఉబ్బి పగిలిపోతుంది. దీన్నే పైరోప్టోసిస్ అంటారు. వైరస్ చంపడం కాదు, కణమే తనను తాను పేల్చుకోవడం అన్నమాట. పగిలినప్పుడు బయటపడే రసాయనాలు వాపు పుట్టించి మరిన్ని సీడీ4 కణాలను అక్కడికే రప్పిస్తాయి. వచ్చినవీ అలాగే పోతాయి. ఒక కణం నుంచి పక్క కణానికి వైరస్ నేరుగా అంటుకున్నప్పుడే ఇలా జరుగుతుందని అదే బృందం 2015లో తేల్చింది. కణాలు కిక్కిరిసి ఉండే గ్రంథుల్లో నష్టం ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

మాత్ర ఆపితే?

ఏఆర్‌టీ మందులు వైరస్ కొత్త కణాల్లోకి పోకుండా ఆపుతాయి. సీడీ4 సంఖ్య మళ్లీ పెరుగుతుంది. కానీ కొన్ని కణాల్లో నిద్రపోతున్న వైరస్‌ను ఈ మందులు ఏమీ చేయలేవు. ఆపేస్తే చాలామందిలో కొద్ది వారాల్లోనే అది రక్తంలోకి తిరిగొస్తుంది. వేసుకుంటూ మానేస్తూ ఉంటే మందులకు లొంగని రకంగా మారే ముప్పూ ఉంది. ఆలస్యంగా మొదలుపెట్టినా ఇబ్బందే. గ్రంథుల్లో మచ్చలు కట్టి సీడీ4 కణాలు పూర్తిగా కోలుకోవు. అందుకే 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంత ఉన్నా, నిర్ధారణ కాగానే మందులు మొదలుపెడుతున్నారు.

సుగ్గికి పోయేముందు ఏఆర్‌టీ కేంద్రంలో ఓ మాట చెప్పాలి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి కొన్ని నెలల మందులిచ్చే వీలుంది. వెళ్లే చోట కేంద్రానికి బదిలీ కూడా చేయించుకోవచ్చు. ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబరు 1097.