తెలంగాణ శాసనసభ : అవతరణము, రాజకీయములు

తెలంగాణ శాసనసభ తెలంగాణ రాష్ట్రమునకు చట్టములు చేయు ప్రజాప్రతినిధుల సభ. 119 స్థానములు గల ఈ సభ, ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము అమలులోనికి వచ్చిన 2014 జూన్ 2వ తేదీన, ఉమ్మడి రాష్ట్రపు 294 స్థానముల సభనుండి వేరుపడి యేర్పడెను. 40 మంది సభ్యుల శాసనమండలి దీనికి తోడుగా నున్నది. సభ కొలువుదీరునది హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సును ఆనుకొనియున్న ప్రాంగణమున. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను నలువదవ జన్మదినోత్సవమును పురస్కరించుకొని 1905లో టౌన్‌హాలుగా తలపెట్టబడి 1913 నాటికి పూర్తియైన ధవళసౌధము ఆ ప్రాంగణమునకు నేటికిని అలంకారము.

ఈ సభకు ఒక పూర్వజన్మ కలదు. 1952 సార్వత్రిక ఎన్నికలలో హైదరాబాదు రాష్ట్రమునకు ప్రజలెన్నుకొన్న శాసనసభ యేర్పడి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా పరిపాలన సాగి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణముతో ఆ సభ అంతరించెను. ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రముల పునర్విభజన సంఘము, తెలంగాణమును 1961 ప్రాంతపు ఎన్నికల వరకు ప్రత్యేకముగా నుంచి, అటుపిమ్మట దాని శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో అంగీకరించినచో ఆంధ్రతో కలుపవచ్చునని 1955లో సూచించెను. ఆ నిరీక్షణకు అవకాశమే లభింపలేదు. 1707లో మూతపడిన స్కాట్లండు పార్లమెంటు 1999లో తిరిగి సమావేశమైనప్పుడు అచ్చటివారు పాత సభయే మరల తెరువబడినదని భావించిరి. తెలంగాణమున ఆ యెడబాటు 58 సంవత్సరములే గాని, మధ్యలో జరిగిన ప్రయోగము అంతకంటె విచిత్రమైనది, బోధప్రదమైనది.

ఆ ప్రయోగము పేరు తెలంగాణా ప్రాంతీయ సంఘము. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుషుల ఒప్పందమునకు రాజ్యాంగపు 371వ అధికరణము ఆధారము కల్పింపగా, 1958లో రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి, తెలంగాణా జిల్లాలనుండి ఎన్నికైన శాసనసభ్యులే ఒక సంఘముగా యేర్పడిరి. స్థానిక స్వపరిపాలనము, ప్రజారోగ్యము, ప్రాథమిక మాధ్యమిక విద్య, కళాశాలలలో ప్రవేశములు, వ్యవసాయ భూముల విక్రయము, మద్యనిషేధము, సహకార సంఘములు, కుటీర పరిశ్రమలు మున్నగు విషయములపై వచ్చు బిల్లులు ముందుగా ఈ సంఘము పరిశీలనకు రావలెను. సంఘము ఒకటి చెప్పి ప్రభుత్వము మరియొకటి తలచినచో విషయము గవర్నరు చెంతకు పోవును. ఆయన నిర్ణయమే తుది నిర్ణయము. ఆర్థికభారము కలిగించు శాసనమును తనంత తానుగా ప్రతిపాదించు హక్కు సంఘమునకు లేదు. తెలంగాణా మిగులు నిధులు తెలంగాణముననే వ్యయము కావలెనని ఒప్పందమున వ్రాసికొనినను, ఆ నిధులను పట్టియుంచు తాళపుచెవి దాని చేతికి రాలేదు. సలహా చెప్పువారొకరు, ఖర్చు పెట్టువారు మరియొకరు అయినచోట ఎంతటి సదుద్దేశముతో యేర్పడిన సభయైనను క్షీణింపక తప్పదు. 1969లో ఉద్యోగముల విషయమైన అసంతృప్తి మహోద్యమముగా ప్రజ్వరిల్లినపుడు, మిగులు నిధుల లెక్క తేల్చుటకు ప్రభుత్వము ప్రత్యేకముగా కుమార్ లలిత్ అను అధికారిని నియమింపవలసివచ్చినదన్నచో, పదునొకండేండ్లుగా ఉన్న సంఘమునకు ఆ లెక్కపై గల పట్టు యెంతటిదో ఊహింపవచ్చును. 1971 లోక్‌సభ ఎన్నికలలో ప్రత్యేక రాష్ట్రము కోరిన తెలంగాణా ప్రజాసమితి, తెలంగాణమునందలి 14 స్థానములలో పదింటిని గెలిచినది. అయినను 1973 సెప్టెంబరునాటి ఆరు సూత్రాల పథకము ప్రాంతీయ సంఘమును బలపరచుటకు మారుగా, ఉద్యోగములను స్థానికులకు ప్రత్యేకించు ముల్కీ నిబంధనలతోపాటు దానిని కూడ రద్దుచేసెను.

సంఘము పోయి దాని స్థానమున 371-డి అధికరణము, ఉద్యోగములలో స్థానికులకు వాటా కల్పించు 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, ఆరు జోన్లు వచ్చెను. అనగా సభ చేయవలసిన రక్షణకార్యమును ఒక ఉత్తర్వు చేయవలసివచ్చినది. ఉత్తర్వు ఉల్లంఘింపబడినదని 1985లో 610 జీవో, ఆ జీవో అమలు కాలేదని మరల ఆందోళనము. ఈ విషయమును గ్రంథములలోకంటె హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ వీథులలో తేటగా చూడవచ్చును. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాలనుండి వచ్చి, ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురుగా హాస్టళ్లలో తలదాచుకొని, చైతన్యపురి, గడ్డిఅన్నారము సందులలోని కోచింగ్ సెంటర్లకు తిరుగుచు గ్రూప్స్ నోటిఫికేషన్ కొరకు యేండ్లతరబడి ఎదురుచూచు యువతీయువకులకు స్థానికత యనునది జీవన్మరణ సమస్య. 1975 ఉత్తర్వు స్థానమున వచ్చిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వరకు అధిక సంవత్సరములు ఎచ్చట చదివిరో అదియే వారి స్థానిక జిల్లా. ఆ ఏడు తరగతుల బోనఫైడ్ సర్టిఫికెట్లు, ప్లాస్టిక్ ఫైలులో జిరాక్సు ప్రతులతో సహా, ప్రతి అభ్యర్థి చేతిలోను ఉండును. హైదరాబాదు పోలీసు నియామకములను స్థానిక రిజర్వేషన్లనుండి మినహాయించు 14-ఎఫ్ నిబంధనపై 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినపుడు, దాని వేడి మొదట తగిలినది వీరికే. నీళ్లు, నిధులు, నియామకములను నినాదములో మూడవది పుట్టినది ఇట్టి గదులలోనే యని ఈ వ్యాసకర్త దృఢవిశ్వాసము.

2009 నవంబరు 29న, తెలంగాణా రాష్ట్రసమితి అధ్యక్షుడు కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్ష పూనిన దినముననే, ఎల్.బి. నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి యను విద్యార్థి ఆత్మాహుతికి పాల్పడి డిసెంబరు 3న మరణించెను. అతని విగ్రహము ఆ కూడలియందే కలదు. ఒక సభ కొరకు, ఒక రాష్ట్రము కొరకు ఇంత చిన్నవయసున ప్రాణములు పోవుట ఏ ప్రజాస్వామ్యమునకైనను తీరని లోటు. డిసెంబరు 9న కేంద్రము రాష్ట్రనిర్మాణ ప్రక్రియ ఆరంభింతుమని ప్రకటించి, 23న మరల విస్తృత సంప్రదింపులని వెనుదీసెను. ఈ విషయమును పరిశీలించుటకు కేంద్రము నియమించిన శ్రీకృష్ణ సంఘము 2010 డిసెంబరున నివేదిక సమర్పించెను. తుదకు వచ్చిన బిల్లును ఉమ్మడి శాసనసభ 2014 జనవరి 30న మూజువాణి వోటుతో తిరస్కరింపగా, ఫిబ్రవరి 18న లోక్‌సభయు, 20న రాజ్యసభయు ఆమోదించినవి. రాజ్యాంగపు మూడవ అధికరణము రాష్ట్రసభ అభిప్రాయమును అడుగుమన్నదే గాని సమ్మతిని పొందుమనలేదు. స్కాట్లండులో 1997 సెప్టెంబరు 11న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, నూటికి 74 మందికి పైగా ఔనన్న పిమ్మటనే సభను స్థాపించిరి. ఇచ్చట అట్టి వోటు జరుగలేదు. ఎన్నికలు, సమ్మెలు, బందులే దాని స్థానమును వహించినవి. జరిగియుండినచో, కోస్తా జిల్లాలనుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురములలో స్థిరపడిన కుటుంబముల భయసందేహములు బహిరంగముగా చర్చకు వచ్చి, కొంత మేలు చేకూరియుండెడిది.

ఆ కుటుంబముల వోటు వెంటనే తన ఉనికిని చాటెను. 2014లో తెలంగాణా రాష్ట్రసమితి 63 స్థానములతో అధికారమునకు రాగా, ఎల్.బి. నగర్‌లో తెలుగుదేశము పక్షమున ఆర్. కృష్ణయ్యయు, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొనియున్న సరూర్‌నగర్ భాగమై యుండు మహేశ్వరము నియోజకవర్గమున అదే పక్షమున తీగల కృష్ణారెడ్డియు గెలిచిరి. కృష్ణారెడ్డి స్వల్పకాలములోనే అధికారపక్షమున చేరెను. 2018లో ఈ రెండు స్థానములను కాంగ్రెసు అభ్యర్థులు దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి, సబితా ఇంద్రారెడ్డి గెలిచిరి. 2019 జూన్‌లో, కాంగ్రెసు పక్షబలము 18కి తగ్గిన మరునాడే పండ్రెండుగురు సభ్యులు, అనగా సరిగా మూడింట రెండువంతులు, తెలంగాణా రాష్ట్రసమితిలో విలీనమగుటకు పత్రము సమర్పింపగా స్పీకరు ఆమోదించెను. వారిలో ఈ ఇరువురును ఉండిరి. 2023లో వీరే, తెలంగాణా రాష్ట్రసమితికి కొత్తపేరైన భారత రాష్ట్రసమితి పక్షమున మరల గెలిచిరి. ఫిరాయింపు నిషేధము చట్టములో నున్నను సభలో నిలువలేదని పౌరుడు బాధపడుట న్యాయమే. 2023 సభలో కాంగ్రెసువైపు మరలిన పదిమంది భారత రాష్ట్రసమితి సభ్యుల విషయమున మూడు నెలలలో నిర్ణయము చేయవలెనని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకరును ఆదేశించెను.

ఎల్.బి. నగర్ నుండి మియాపూర్ పోవు మెట్రోరైలు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి దాటి అసెంబ్లీ యను స్టేషనున ఆగును. 2008 నియోజకవర్గ పునర్విభజనతో రూపొందిన ఎల్.బి. నగర్‌లో వోటర్లు ఐదు లక్షలకు పైబడిరి; వారందరికిని సభలో ఒక్కడే ప్రతినిధి. పునర్వ్యవస్థీకరణ చట్టపు 26వ విభాగము తెలంగాణ స్థానములను 119 నుండి 153కు పెంచుటకు వీలు కల్పించినను, అది రాజ్యాంగపు 170వ అధికరణమునకు లోబడియున్నందున, 2026 తరువాతి జనాభా లెక్కలు ప్రకటింపబడి సరిహద్దులు తిరిగి గీయబడువరకు ఆ పెంపు ఆగియుండును.