పిడుగు పడితే ఇసుకే గాజు: ఫల్గరైట్ కథ

ఎడారి ఇసుకలో ఒక్కోసారి చెట్టు వేరులాంటి గొట్టాలు బయటపడుతుంటాయి. పైన ఇసుక అంటుకుని గరుకుగా ఉంటాయి, లోపల మాత్రం నున్నటి గాజు. పిడుగు పడ్డప్పుడు ఏర్పడే ఈ గాజు పేరు ఫల్గరైట్. లాటిన్‌లో ‘ఫుల్గుర్’ అంటే మెరుపు.

మెరుపు దారిలో వేడి దాదాపు 30 వేల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఇసుకలోని సిలికా కరగడానికి 1,700 డిగ్రీలు దాటితే చాలు. కరెంటు దిగిన దారి పొడవునా ఇసుక కరిగి, అంతలోనే చల్లారి గాజుగా గడ్డకడుతుంది. మధ్యలో గాలి, ఆవిరి ఉబ్బడంతో బోలు మిగులుతుంది. పిడుగు నేలలో ఎలా చీలిందో గొట్టమూ అలాగే కొమ్మలుగా చీలుతుంది. చాలా పెళుసు, తవ్వి తీసేలోపే ముక్కలైపోతుంది. చార్లెస్ డార్విన్ కూడా ఉరుగ్వేలోని మాల్డొనాడో దగ్గర ఇసుక దిబ్బల్లో వీటిని చూశాడు.

అయితే ఎడారిలో దొరికే గాజంతా పిడుగుదే అనుకుంటే పొరపాటు. 1932లో అబ్దుల్లా ఫిల్బీ అనే బ్రిటిష్ యాత్రికుడు, నాశనమైపోయిన వబార్ నగరాన్ని వెతుకుతూ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారికి వెళ్లాడు. నగరం దొరకలేదు. పెద్ద గుంతలు, వాటి చుట్టూ నల్లటి గాజు ముక్కలు కనిపించాయి. అది ఉల్క పడి కరిగిన ఇసుక అని తర్వాత తేలింది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ పతకంలోని పసుపు గాజు కూడా పిడుగు వల్ల పుట్టింది కాదు.

ఫల్గరైట్ అసలు విలువ వేరే ఉంది. పిడుగు పడాలంటే ముందు మబ్బు పట్టాలి కదా! ఈజిప్టు నైరుతి ఎడారిలో ఇప్పుడు వాన మాటే అరుదు. అక్కడ దొరికిన ఒక ఫల్గరైట్‌ను మెక్సికో శాస్త్రవేత్త రఫేల్ నవారో-గొంజాలెజ్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. గాజును వేడి చేసి, వెలువడే వెలుతురును కొలిచి వయసు లెక్కకడితే సుమారు 15 వేల ఏళ్లని తేలింది. కరిగిన గాజులో చిక్కుకుపోయిన బుడగలు అన్నాళ్లూ చెక్కుచెదరలేదు. వాటిని లేజర్‌తో తెరిస్తే కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులు బయటికొచ్చాయి. పిడుగు వేడికి మట్టిలోని మొక్కల అవశేషాలు కాలిపోయిన గుర్తులవి. అంటే పిడుగు పడ్డ రోజున అది ఒట్టి ఇసుక నేల కాదు. ఈనాటి ఆఫ్రికా సాహెల్ ప్రాంతంలోలా గడ్డి, పొదలు పెరిగిన నేల.