సెప్టెంబరు 11: కాకతాళీయమూ, సంకల్పమూ

తాటిచెట్టుపై కాకి వాలిన క్షణానే పండు రాలితే, కాకి వల్లనే పండు రాలిందని చూసినవాడు భ్రమిస్తాడు. కార్యకారణ సంబంధం లేని ఇట్టి కలయికకే మన పూర్వులు కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. యోగవాసిష్ఠంలో ఈ మాట పదే పదే వినిపిస్తుంది. వేర్వేరు సంవత్సరాలలో ఒకే తేదీన జరిగిన ఘటనలను ఒకచోట చేర్చి చూసేటప్పుడు ఈ న్యాయాన్ని స్మరించడం క్షేమం. సెప్టెంబరు 11 విషయంలో అది మరీ అవసరం. 1893లో ఆ తేదీన వివేకానందస్వామి చికాగో సర్వమత మహాసభలో తొలిసారి ప్రసంగించారు. 1895లో వినోబా జన్మించారు. 1906లో జోహాన్నెస్‌బర్గులో సత్యాగ్రహానికి మూలమైన ప్రతిజ్ఞ వెలువడింది. 2001లో న్యూయార్కులోని జంట సౌధాలు కూలాయి. 1893కూ 2001కీ నడుమ సరిగ్గా 108 సంవత్సరాలు! జపమాలలోని సంఖ్య కనబడగానే భక్తుని మనస్సు అక్కడ ఆగిపోవడం సహజం.

1893 ఫిబ్రవరి 13న స్వామి సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, తాను పాశ్చాత్య దేశాలకు వెళ్లదలచిన ప్రయోజనాన్ని గురించి ప్రసంగించారు. మద్రాసులో అళసింగ పెరుమాళ్ ప్రభృతులు ప్రయాణానికి ధనం సేకరించారు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి చికాగో చేరిన పిమ్మట, సభ సెప్టెంబరులో గాని జరగదనీ, పరిచయపత్రం లేనివారికి ప్రవేశం లేదనీ తెలిసింది. హార్వర్డు ఆచార్యుడు జాన్ హెన్రీ రైట్ లేఖ వ్రాసి ఇచ్చి ఆ అవరోధాన్ని తొలగించారు. తిరిగి చికాగో చేరిన రాత్రి, వెళ్లవలసిన చోటి చిరునామా పోయి, రైల్వే స్థలంలోని ఖాళీ పెట్టెలో ఆ సన్న్యాసి నిద్రించవలసి వచ్చింది.

11వ తేదీ ఉదయం పది మతాలకు గుర్తుగా పది ఘంటానాదాలతో సభ ఆరంభమైంది. తక్కినవారు ప్రసంగాలు వ్రాసుకొని వచ్చారు. స్వామి చేతిలో ఏమీ లేదు. పిలుపు వచ్చిన ప్రతిసారీ వాయిదా వేసి, అపరాహ్ణంలో సరస్వతీదేవికి మనస్సులోనే నమస్కరించి లేచారు. సోదరీ సోదరులుగా సంబోధించగానే మ్రోగిన కరతాళ ధ్వనులు లోకప్రసిద్ధాలు. వాటి హోరులో ప్రసంగం చివరి భాగాన్ని చాలామంది విస్మరిస్తారు. శివమహిమ్న స్తోత్రం నుండి ఒక శ్లోకాన్నీ, గీత నుండి మరొక శ్లోకాన్నీ ఉదాహరించి, మార్గాలు వేరైనా గమ్యం ఒకటేనని చెప్పిన పిదప, మతోన్మాదం భూమిని ఎన్నిమార్లు నెత్తుటితో తడిపిందో ఆయన గుర్తుచేశారు. ఆ ఉదయం మ్రోగిన గంట ఆ ఉన్మాదానికి మరణఘంట కావాలని ఆకాంక్షించారు.

ఆ ఆకాంక్ష నెరవేరలేదు. 108వ ఏట అదే తేదీన, మతం పేరిట విమానాలను ఆయుధాలుగా మార్చినవారు దాదాపు 3000 మంది ప్రాణాలు తీశారు. సంఖ్యలో మర్మం వెదకేవారు, దీనిని బట్టి ఆ ఘంటానాదం వ్యర్థమైందని చెప్పవలసి వస్తుంది. లేదా ఏదో గూఢమైన విధి ఉన్నదని ఊహించవలసి వస్తుంది. ఈ రెండూ కాకినీ పండునూ ముడివేయడమే.

దీనికి సరియైన సమాధానం 1906 నాటి సభలో దొరుకుతుంది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేసుకొని వేలిముద్రలు ఇవ్వాలని ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం చట్టం తలపెట్టింది. దానిని ప్రతిఘటించడానికి జోహాన్నెస్‌బర్గు ఎంపైర్ నాటకశాలలో సుమారు 3000 మంది సమావేశమయ్యారు. అబ్దుల్ గనీ అధ్యక్షులు. కార్యక్రమం ప్రధానంగా హిందీ, గుజరాతీలలో సాగింది. ఆ భాషలు తెలియని తమిళులకూ తెలుగువారికీ వారి భాషలలోనే విషయం వివరించారు. చట్టానికి లోబడరాదనే తీర్మానాన్ని బలపరుస్తూ సేఠ్ హాజీ హబీబ్, దైవసాక్షిగా ప్రమాణం చేద్దామన్నారు. ఆ మాటకు గాంధీ ఉలిక్కిపడ్డారు.

ఆయన వెంటనే సంతోషించలేదు, సభను హెచ్చరించారు. సాధారణ తీర్మానాన్ని రేపు అధికసంఖ్యాకులు మార్చుకోవచ్చు. దైవసాక్షిగా చేసిన ప్రమాణాన్ని ఎవరూ మార్చలేరు. హిందువులు, ముసల్మానులు పిలిచే పేర్లు వేరైనా ఆ సాక్షి ఒక్కడే. కనుక ప్రక్కవాడిని చూసి చేయి ఎత్తరాదు. చెరసాల, ఆస్తినష్టం, ఆకలి, మరణం సైతం రావచ్చునని తెలిసి, తనకు తానుగా నిశ్చయించుకోవాలి. చివరకు అందరూ లేచి చేతులెత్తి ప్రమాణం చేశారు. 'సత్యాగ్రహం' అన్న పేరు ఆ తరువాత గాని రాలేదు.

మన కర్మకాండలో సంకల్పం చెప్పేటప్పుడు దేశకాలాలను విస్తారంగా కీర్తిస్తాం. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం అన్నీ వస్తాయి. అయినా 'కరిష్యే' అనే క్రియాపదం పలికితే గాని ఆ వాక్యం పూర్తి కాదు. కర్త 'నేను' అని ఒప్పుకొంటే గాని కాలం కర్మగా మారదు. ఎంపైర్ నాటకశాలలో గాంధీ ప్రతి ఒక్కరి నుండీ కోరింది ఈ 'కరిష్యే'నే. చికాగోలో స్వామి ఉపదేశించిన సర్వమత స్వీకారం, ఒక ముసల్మాను వర్తకుడు ప్రతిపాదించగా ఒక వైష్ణవ కుటుంబీకుడు వివరించిన ఈ ప్రమాణంలో ఆచరణగా మారింది. అయితే ఇది తేదీ చేసిన పని కాదు.

మర్నాడు ఆ నాటకశాల అగ్నికి ఆహుతి అయింది. మిత్రులు గాంధీ వద్దకు వచ్చి, ఇది శుభశకునం, ఆ చట్టం కూడా ఇలాగే దగ్ధమవుతుందని అభినందించారు. ఇటువంటి శకునాలు తనను ఎన్నడూ ప్రభావితం చేయలేదనీ, ఆ కాకతాళీయానికి ఏ విలువా ఇవ్వలేదనీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనే వ్రాసుకున్నారు. నిజానికి చట్టం దగ్ధం కాలేదు. ప్రమాణం చేసినవారు చెరసాలలకు వెళ్లవలసి వచ్చింది.

ఆ ప్రమాణం నాటికి కొలాబా జిల్లా గాగోదెలో పుట్టిన వినోబాకు సరిగ్గా పదకొండేళ్లు నిండాయి. సంస్కృతం రాని తల్లి కోసం గీతను మరాఠీ పద్యాలలో 'గీతాయి'గా పలికించిన ఆయన, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చారు. నలభై హరిజన కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. ఈ ఊరివారెవరైనా ఇవ్వగలరా అని ఆయన ప్రశ్నించగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. అనంతరం వినోబా సుమారు పదమూడేళ్లు కాలినడకన దేశమంతా తిరిగారు. 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చిందని లెక్క. అందులో సాగుకు పనికిరానిదీ, వ్యాజ్యాలలో చిక్కినదీ, మాటగానే మిగిలినదీ తక్కువ కాదు.

ఆ గ్రామం నేడు భూదాన్ పోచంపల్లి. భూదానోద్యమ చరిత్రలో ఆ ఊరి పేరుతో పాటు నిలిచిన తేదీ సెప్టెంబరు 11 కాదు, ఏప్రిల్ 18.