రెండు తాళపుచెవుల గది నుండి కంప్యూటరు వరకు

గిద్దలూరులోని ఒక ఉన్నత పాఠశాల కార్యాలయమును ఊహించుకొందము. పదవ తరగతి నామినల్ రోల్సు పంపవలసిన గడువు దగ్గరపడినది. పాత జూనియర్ అసిస్టెంటు మార్కాపురమునకు బదిలీయై వెళ్లెను. ఆయన స్థానమున క్రొత్తగా వచ్చిన అసిస్టెంటు కంప్యూటరు ముందు కూర్చుండెను. అందరు వాడుకొను ఫోల్డరులో పది ఫైళ్లు కలవు. తొమ్మిది తెరచుకొన్నవి. విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు గల ఎక్సెల్ ఫైలు మాత్రము తెరచుకొనలేదు. దాని పేరు కనబడుచునే ఉన్నది; నొక్కినచో ‘యాక్సెస్ డినైడ్’ అను మాట వచ్చుచున్నది.

యంత్రము చెడినదని ఒకరు, వైరస్ పట్టినదని మరియొకరు అందురు. ఆఫీసు సాఫ్ట్‌వేరును తీసివేసి మరల వేయవలెనని మూడవవారి సలహా. ఇంతలో తెలిసినవాడొకడు వచ్చి, “ఆ ఫైలుపై అందరికి అన్ని అధికారములు ఇచ్చివేయుడు, పీడ విరగడగును” అనును. ఆ సలహా పనిచేయును కూడ. చిక్కంతయు అక్కడనే ఉన్నది. పదవ తరగతి సర్టిఫికెట్టులోని పుట్టిన తేది ఒక మనిషికి జన్మాంతము వెంటవచ్చును. ఉద్యోగములో చేరునప్పుడు, పదవీ విరమణ చేయునప్పుడు అడుగునది దానినే. ఆ తేదీల పట్టికను ఆ గదిలోనికి వచ్చిన ప్రతివాడు దిద్దగలిగినచో, రేపు తప్పు బయటపడిననాడు దిద్దినవాడెవరో చెప్పుట ఎట్లు?

యంత్రము చెడలేదు. అది ఒక ప్రశ్న వేయుచున్నది: నీవెవరు, నీకిందులో ఏమి చేయు అధికారము కలదు? కార్యాలయములకు ఈ ప్రశ్న క్రొత్త కాదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో ఉండెను. ఆ నెలలో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చినది. ఏ జిల్లా క్రింద ఉన్నను, ఖజానా గదికి మాత్రము ఒకటే నియమము. గదికి రెండు తాళములు. రెండు తాళపుచెవులు ఇద్దరు వేరు వేరు ఉద్యోగుల వద్ద ఉండవలెను. ఇద్దరును వచ్చిననే గాని తలుపు తెరచుకొనదు. ఉద్యోగులు దొంగలన్న అనుమానముచే పెట్టిన నియమము కాదిది. డబ్బు తగ్గిననాడు నిర్దోషి తన నిర్దోషిత్వమును చూపుకొనుటకు దారి ఉండవలెనని పెట్టినది.

గ్రామ లెక్కల సంగతి దీనికి భిన్నముగా ఉండెను. లెక్క వ్రాయువాడు, దాచువాడు, అడిగినవారికి చూపువాడు కరణము ఒక్కడే. పుస్తకములు తరచుగా ఆయన ఇంటనే ఉండెడివి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో ఆ పదవులను రద్దుచేసినది. మరుసటి సంవత్సరము మండలములు వచ్చినవి. పుస్తకము ఎవరి పెట్టెలో ఉన్నదో అధికారము వారిదే అను పాత అలవాటు మాత్రము అంత త్వరగా పోలేదు. కంప్యూటరు వచ్చిన తరువాత అది వేరొక రూపమున కనబడినది.

మొదటి కంప్యూటర్లకు ఈ బాధ లేదు. ఒక సమయమున ఒక్కరి పనియే జరిగెడిది. గది తలుపునకు తాళము వేసినచో చాలును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందము 1961లో ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించినది. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. ఒక యంత్రము, అనేక టెర్మినళ్లు, ప్రతివారికి వారి వారి ఫైళ్లు. ఒకరి ఫైలును మరియొకరు చూడకుండుటకు, ఎవరి కాలము ఎంత ఖర్చయినదో లెక్కించుటకు, ప్రతివారికి ఒక పాస్‌వర్డు ఇచ్చిరి.

మరుసటి సంవత్సరమే ఆ కట్టుబాటునకు గండిపడినది. అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల యంత్రకాలము కేటాయించిరి. ఆయన లెక్కలకు అది చాలలేదు. ఒక ఫైలును అచ్చువేసి ఇమ్మని పంచ్ కార్డుమీద కోరిక పంపెడి సదుపాయము ఉండెను. షెర్ కోరిన ఫైలు అందరి పాస్‌వర్డులు దాచిన ఫైలే. యంత్రము ఆక్షేపణ చెప్పలేదు. శుభ్రముగా అచ్చువేసి ఇచ్చెను. ఆయన ఇతరుల పేరుతో పని సాగించెను. ఈ సంగతిని ఆయనే పాతికేండ్ల తరువాత బయటపెట్టెను. యంత్రము ‘నీవెవరు’ అని ఒక ద్వారమున అడుగుచున్నది గాని, అచ్చుశాల వైపున్న ద్వారమున అడుగుట మరచినది.

1960ల మధ్యలో జరిగిన రెండవ సంఘటనలో దొంగ ఎవరును లేరు. అందుచేత అది మరింత ఆలోచింపదగినది. ఆనాటి ఎడిటరు ప్రోగ్రాము, ఫైలును దిద్దునప్పుడు ఒక తాత్కాలిక ఫైలును సృష్టించెడిది. దానికి ఎల్లప్పుడు ఒకే పేరు. ఒక్కొక్క ఖాతాలో ఒకరే పనిచేయుదురని తలచి అట్లు చేసిరి. నిర్వాహకుల ఖాతాలో మాత్రము ఒకనాడు ఇద్దరు ఒకేసారి పనిచేసిరి. ఒకరు లోపలికి వచ్చువారికి కనబడు దినవార్తను, మరియొకరు పాస్‌వర్డుల ఫైలును దిద్దుచుండిరి. రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారైనవి. ఆ సాయంకాలము యంత్రములోనికి ప్రవేశించిన ప్రతివారికి దినవార్తకు బదులు అందరి పాస్‌వర్డులు దర్శనమిచ్చినవి! కోర్బటో తరువాత ట్యూరింగ్ బహుమానము పొందినప్పుడు చేసిన ఉపన్యాసములో ఈ ముచ్చట చెప్పెను. తాత్కాలిక ఫైలును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. నేటి కార్యాలయములలోని చిక్కులలో దానికి పెద్ద పాత్ర కలదు.

ఈ అనుభవముల తరువాత 1965లో మొదలైన మల్టిక్స్ పథకములో, ప్రతి ఫైలునకు ఒక పట్టిక ఏర్పరచిరి. ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును అన్నది పేరు పేరునా అందులో ఉండును. 1969లో పుట్టిన యూనిక్స్ ఈ పద్ధతిని కుదించినది. యజమాని, ఆయన గుంపు, తక్కినవారు అని మూడు తరగతులు. ఒక్కొక్క తరగతికి చదువుట, వ్రాయుట, నడుపుట అని మూడు అనుమతులు. తొమ్మిది గుర్తులతో పని ముగిసినది. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనువారు ఈ అనుభవమునంతటిని ఒక వ్యాసములో క్రోడీకరించిరి. ఎవరికైనను పనికి చాలినంత అధికారమే ఇవ్వవలెను. అనుమతి స్పష్టముగా ఇవ్వనిచోట లేదనియే భావింపవలెను. ముఖ్యమైన పనికి రెండు తాళపుచెవులు ఉండుట మేలని కూడ వారు వ్రాసిరి. తాలూకా కచేరీ ఖజానా చూచినవారికి ఈ చివరి సూత్రము వింతగా తోచదు.

ఇంత నేర్చుకొన్న తరువాత శాస్త్రము ఒక అడుగు వెనుకకు వేసినది. 1981లో ఐ.బి.ఎం. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినది. బల్లమీద ఒక యంత్రము, ముందు ఒక మనిషి. అతడెవరని అడుగవలసిన పని ఏమున్నది? డాస్‌లో వినియోగదారుడన్న భావమే లేదు. విండోస్ 95 పేరు, పాస్‌వర్డు అడిగెడిది గాని ‘క్యాన్సిల్’ నొక్కినను లోనికి రానిచ్చెడిది. ఒకప్పుడు దేశమంతటికి బడిపలకలు పంపిన ఊరు మార్కాపురము. పలక ఎవరు వ్రాసినను వ్రాయించుకొనును, ఎవరు తుడిచినను తుడిపించుకొనును. ఆనాటి కార్యాలయ కంప్యూటరు అట్టి పలకయే. తేడా ఒక్కటే: పలకమీద ఎవ్వరును భూమి లెక్కలు దాచలేదు.

1993లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎన్.టి.ని తెచ్చినది. దాని నిర్మాతలలో ముఖ్యుడైన డేవ్ కట్లర్ పూర్వము పెద్ద యంత్రములకు వ్యవస్థలు రచించినవాడు. ప్రతి ఫైలునకు అనుమతుల పట్టిక మరల వచ్చినది. 2001లో విండోస్ ఎక్స్.పి. ద్వారా ఈ పద్ధతి సామాన్యుల బల్లమీదికి చేరినది. అయితే అప్పటికే వాడుకలోనున్న ప్రోగ్రాములు పలకకు అలవాటుపడినవి. అవి తమ లెక్కలను ప్రోగ్రాములుండు ఫోల్డరులోనే వ్రాసికొనెడివి. అక్కడ సామాన్య వినియోగదారునకు వ్రాయు అనుమతి లేదు. ప్రోగ్రాము ఆగిపోవును. అప్పుడు పని జరుగుటకై అందరిని అడ్మినిస్ట్రేటరులను చేసిరి.

తెలుగు కార్యాలయములకు మరియొక కారణము కూడ ఉండెను. యూనికోడ్ వ్యాపింపకముందు తెలుగు ఉత్తరములు అను ఫాంట్ల వంటి ప్రత్యేక ఫాంట్లతో టైపు చేసెడివారు. ఆ ఫాంటు లేని యంత్రములో తెలుగు ఉత్తరము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడును. ఫాంటు వేయుటకు అడ్మినిస్ట్రేటరు అధికారము కావలెను. ఒక్క ఫాంటు కొరకు యంత్రమంతటి తాళపుచెవి చేతులు మారుట సులభమాయెను. వినియోగదారుడు తనవరకు ఫాంటు వేసికొను సౌకర్యము విండోస్ 10లో 2018లో గాని రాలేదు.

2007లో విండోస్ విస్టా ఒక మధ్యేమార్గము కనిపెట్టినది. పాత ప్రోగ్రాము నిషిద్ధ ఫోల్డరులో వ్రాయబోయినచో కాదనక, ఆ వినియోగదారుని సొంత ఫోల్డరులో రహస్యముగా ఒక నకలు సృష్టించి అందులో వ్రాయించును. ప్రోగ్రాము సంతోషించును. ఫలితము మాత్రము చిత్రమైనది. ఉదయము ఒక ఉద్యోగి తన పేరుతో ప్రవేశించి నలుబది పేర్లు ఎక్కించును. మధ్యాహ్నము వేరొకరు తమ పేరుతో ప్రవేశించి చూడగా ఆ నలుబది పేర్లు ఉండవు. ఎవరి నకలు వారిదే. కారణము తెలియని కార్యాలయములో ఇది ఉదయపువాని సోమరితనముగా లెక్కకు వచ్చును.

ఆఫీసు ప్రోగ్రాములలో తరచుగా వచ్చు మరియొక చిక్కు: ఫైలు తెరచుకొనును, వ్రాయనిచ్చును, భద్రపరచనీయదు. దీనికి కారణము ఆ పాత తాత్కాలిక ఫైలే. ఎక్సెల్ పాత ఫైలుమీద నేరుగా వ్రాయదు. అదే ఫోల్డరులో తాత్కాలిక ఫైలును సృష్టించి, అందులో అంతయు వ్రాసి, పాతదానిని తొలగించి, క్రొత్తదానికి పాత పేరు పెట్టును. నడుమ కరెంటు పోయినను రెంటిలో ఒకటి మిగులవలెనని ఈ ఏర్పాటు. కావున వ్రాయు అనుమతి ఒక్కటి చాలదు. ఆ ఫోల్డరులో సృష్టించుటకు, తొలగించుటకు కూడ అనుమతి కావలెను. ఎవరును తుడిచివేయకుండ తొలగించు అనుమతిని తీసివేసిన జాగ్రత్తపరుని ఫోల్డరులో ఎనిమిది అక్షరముల వింత పేర్లు గల ఫైళ్లు పేరుకొనిపోవును. అవి సగములో ఆగిన తాత్కాలిక ఫైళ్లు.

‘వేరొకరు ఈ ఫైలును వాడుచున్నారు’ అను మాట వచ్చినచో అది అనుమతి సంగతి కాదు. ఫైలు తెరచినవారి పేరుతో ఒక చిన్న గుర్తు ఫైలు ఏర్పడును; కరెంటు హఠాత్తుగా పోయినచో అది తుడిచిపెట్టబడక మిగిలిపోవుట కలదు. ఇక క్రొత్త ఉద్యోగిని ఒక గుంపులో చేర్చినను వెంటనే ఫలితము కనబడదు. అతడే గుంపులకు చెందినవాడో యంత్రము ప్రవేశసమయమున ఒక్కసారి వ్రాసికొనును. బయటికి వచ్చి మరల ప్రవేశింపవలెను. నెట్‌వర్కు ద్వారా తెరచు ఫైలునకు రెండు ద్వారములు కలవు. పంపకము అనుమతి ఒకటి, డిస్కుమీది అనుమతి ఒకటి. రెంటిలో బిగువైనదే చెల్లును. రెండవదానిని ఎంత సడలించినను మొదటిది మూసియున్నంత కాలము ప్రయోజనము లేదు. కంప్యూటరుపై కోపము వచ్చు ఘట్టము సాధారణముగా ఇదియే.

రాష్ట్రపు పెద్ద వ్యవస్థలు రెండు తాళపుచెవుల నియమమును మరల తెచ్చినవి. 2011లో వచ్చిన మీసేవలో ధ్రువపత్రములకు అధికారి డిజిటల్ సంతకము పెట్టిరి. 2018లో మొదలైన సి.ఎఫ్.ఎం.ఎస్.లో బిల్లు తయారుచేయువారు, పరిశీలించువారు, సమర్పించువారు వేరు వేరుగా ప్రవేశింపవలెను. ఉపాధ్యాయులకు తమ జీతపు బిల్లుల ద్వారా ఇది పరిచితమే. అయితే ఒక్క అసిస్టెంటు గల చిన్న కార్యాలయములో మువ్వురి పాస్‌వర్డులు ఒకే చీటీమీదికి ఎక్కినచో, మూడు తాళములకు ఒకే చెవి అయినట్లే. చట్టము దీనిని తేలికగా తీసికొనలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణ ప్రకారము, మరియొకరి పాస్‌వర్డునో ఎలక్ట్రానిక్ సంతకమునో మోసముతో వాడినవారికి మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. నమ్మకముచే పాస్‌వర్డు ఇచ్చినవారి గతి వేరు. యంత్రపు లెక్కలో ఆ పని చేసినది వారే.

గిద్దలూరు ఫైలు వద్దకు తిరిగి వత్తము. పాత అసిస్టెంటు దానిని తన సొంత ఫోల్డరులో తయారుచేసెను. బదిలీనాడు దానిని అందరి ఫోల్డరులోనికి జరిపెను, నకలు తీయలేదు. విండోస్ పద్ధతిలో నకలు తీసిన ఫైలు క్రొత్త ఫోల్డరు నియమములను స్వీకరించును. ఒకే డిస్కులో చోటు మార్చిన ఫైలు మాత్రము పాత అనుమతులను వెంట తెచ్చుకొనును. కర్నూలు నుండి ఒంగోలుకు వచ్చిన కట్టమీద కర్నూలు గుమాస్తా పేరే ఉన్నట్లు, ఆ ఫైలు పట్టికలో మార్కాపురము వెళ్లినవారి పేరే ఉండెను. తక్కిన తొమ్మిది ఫైళ్లు ఆ ఫోల్డరులోనే పుట్టినవి. యంత్రపు నిర్వాహకుడు అడ్మినిస్ట్రేటరుగా ప్రవేశించి, ఫైలు గుణముల పుటలో భద్రతా పట్టిక చూచి, పైఫోల్డరు అనుమతులు దీనికి వర్తించునట్లు మార్చుటకు రెండు నిమిషములు చాలును. పాత పేరు తొలగినది. ప్రధానోపాధ్యాయుడు, క్రొత్త అసిస్టెంటు తప్ప వేరెవ్వరును వ్రాయలేరు. ఫైలు తెరచుకొన్నది. అప్పుడు ఇద్దరును అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకొని, ఒకరు చదువగా ఒకరు చూచుచు, పుట్టిన తేదీలను సరిపోల్చుటకు కూర్చుండిరి.